క్యూరేటరు అనగా నెవరు?

పిల్లలు పెద్దవారై యేమి కావలెనని మన తల్లిదండ్రుల నడిగినచో ఇంజనీరు, డాక్టరు, బ్యాంకు ఉద్యోగి, ఉపాధ్యాయుడు అను నాలుగైదు మాటలలోనే ఉత్తరము ముగియును. ఆ కోరికలో తప్పు లేదు. ఒక తరము గనిలోనికి దిగిన యిండ్లలో, మరియొక తరము వేకువజామున బెంగుళూరు రైలు నెక్కుచున్న యిండ్లలో, నెల తిరుగగానే చేతికి వచ్చు జీతమును గూర్చిన మాటయే ముందుగా చెవి కెక్కును. అయినను ఆ పట్టికలో లేని యొక వృత్తిని గూర్చి ఈ సంచికలో వ్రాయ దలచితిని. అది సమకాలిక కళాప్రదర్శనలను కూర్చు స్వతంత్ర క్యూరేటరు వృత్తి.

ఈ వ్యాసమునకు కారణము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వేసిన ప్రశ్న. వార్తాపత్రికలో ఒక చిత్రప్రదర్శనను గూర్చి చదివి, “సార్, క్యూరేటర్ అంటే మ్యూజియం తాళంచెవులు పెట్టుకునే ఆయనా?” అని యామె యడిగినది. తరగతి యంతయు నవ్వినది. నేను నవ్వలేదు, ఏలయన ఆ బాలిక పలికినది సగము సత్యము. మిగిలిన సగమును నాడు గంట కొట్టులోపల చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పెదను.

మాట పుట్టుక

ఈ పదము లాటిన్ భాషనుండి వచ్చినది. దానికి మూలార్థము శ్రద్ధ వహించుట, కనిపెట్టియుండుట. ప్రాచీన రోము నగరమునకు నీరు తెచ్చు కాలువలను కనిపెట్టియుండు అధికారికిని, రహదారులను కనిపెట్టియుండు అధికారికిని ఈ పేరుండెను. తరువాతి కాలమున ఐరోపాలో వస్తుప్రదర్శనశాలలు వెలసినప్పుడు, అందలి వస్తువులను చెద, చెమ్మ, దొంగల బారినుండి కాపాడి, వానికి పట్టిక వ్రాసి, వాని చరిత్రను శోధించు పండితునికి ఈ పేరు వచ్చినది. మన విద్యార్థిని చెప్పిన తాళంచెవుల మాట ఇక్కడిదే.

అయితే కాపాడుట యొక్కటే క్యూరేటరు పని కాదు. దసరా నవరాత్రులలో మన యిండ్ల యందు బొమ్మలకొలువు దీర్చు అవ్వను తలచుకొనుడు. అటుకమీది పెట్టెను దింపి, పాతగుడ్డలలో చుట్టిన బొమ్మలను విప్పి, తుడిచి, ఏది పనికివచ్చును, ఏది విరిగినదని యామె ముందుగా చూచును. పిమ్మట ఏ మెట్టుమీద ఏ బొమ్మ యుండవలెనో నిర్ణయించును. దశావతారముల వరుస యొకచోట, పెండ్లి ఊరేగింపు మరియొకచోట, అడుగున అంగడి, తోట, పాలమ్ము ఆమె, పోలీసువాడు. ఇరుగుపొరుగు పేరంటాండ్రు వచ్చినప్పుడు “ఈ చెట్టియార్ బొమ్మలు మా అత్తగారు కొన్నవి” అని కథ చెప్పును. పండుగ ముగిసిన పిదప మరల జాగ్రత్తగా చుట్టి పెట్టెలో నుంచును. ఎంచుట, కూర్చుట, చెప్పుట, కాచుట అను నాలుగు పనులును అక్కడనే యున్నవి. క్యూరేటరు చేయునది ఆ నాలుగే. విస్తారముగా, బయటివారి వస్తువులతో, బయటివారి యెదుట చేయును.

సేకరించువాడు వేరు, కూర్చువాడు వేరు

హైదరాబాదు సాలార్ జంగు మ్యూజియమును మనలో అనేకులు చూచియుందురు. మూడవ సాలార్ జంగు అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) తన సంపదలో అధికభాగమును వెచ్చించి దేశదేశముల వస్తువులను కొనెను. ఆయన మరణానంతరము 1951లో దివాన్ దేవిడీ భవనములో మ్యూజియము తెరువబడెను. 1968లో ఇప్పటి భవనమునకు మార్చబడెను. సాలార్ జంగు గొప్ప సేకర్త. కాని సేకర్తకు తన యిష్టమే ప్రమాణము. ఆయన కొన్న వేల వస్తువులను గదులుగా విభజించి, ఏ గదిలో ఏ క్రమమున నిలిపినచో చూచువానికి బోధపడునో ఆలోచించు పని ఆయన వెనుక వచ్చినవారిది.

రాజమహేంద్రవరము వాడైన దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925లోనే గతించెను. ఆయన చిత్రములను ఆ నగరములోని చిత్రశాల యొకచోట నిలిపియుంచినందువలననే, ఆంధ్ర చిత్రకళలో ఆయన తెచ్చిన క్రొత్తదన మేమో నేటి పిల్లలు కన్నులార చూడగలుగుచున్నారు. అవి ఇల్లిల్లు చెదరిపోయియున్నచో ఆయన పేరు మాత్రమే మిగిలియుండెడిది. సేకర్త “ఇది నాది” అనును. సంరక్షకుడు “ఇది భద్రముగా నున్నది” అనును. క్యూరేటరు “ఇది ఇక్కడ, దాని ప్రక్కన, ఇప్పుడు ఏల?” అని యడుగును.

బెర్న్ నగరమునందలి తాతగారి యిల్లు

క్యూరేటరు చిరకాలము ఏదో యొక సంస్థలో ఉద్యోగిగా నుండెను. సంస్థను విడచి స్వతంత్రముగా ఈ పని చేయుటకు మార్గము చూపినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండు దేశీయుడైన హరాల్డ్ జేమన్ (1933–2005). ఆయన 1961 మొదలు బెర్న్ నగర కళాశాలకు అధ్యక్షుడుగా నుండి, 1969లో ఒక ప్రదర్శనను ఏర్పాటు చేసెను. అందు చట్రములలో బిగించిన చిత్రములు చాల తక్కువ. ఒక శిల్పి కరగిన సీసమును గోడ మొదట చిమ్మెను. మరియొకడు భవనము ముందరి కాలిబాటను బరువైన గుండుతో పగులగొట్టెను. పని ముగిసిన వస్తువు కంటె పని జరుగు తీరే కళ యని ఆ కళాకారుల వాదము. నగరవాసులు మండిపడిరి, వివాదము పెరిగెను, ఆ సంవత్సరమే జేమన్ తన పదవిని వదలెను. తరువాత తానొక్కడే యొక కార్యాలయమును పెట్టుకొని, ఎవరు పిలిచిన వారికి ప్రదర్శనలు కూర్చి యిచ్చు పని మొదలిడెను. 1972లో జర్మనీలోని కాసెల్ నగరమున జరిగిన ప్రఖ్యాత డాక్యుమెంటా ప్రదర్శనకు ఆయనయే సారథి.

ఇది యంతయు దూరదేశపు వార్త యని మీకు తోచవచ్చును. కాని ఆయన 1974లో చేసిన పని మన యింటి గడప ముందరిది. అంత పెద్ద ప్రదర్శన చేసిన రెండేండ్లకు ఆయన బెర్న్ నగరమున ఒక చిన్న అపార్టుమెంటులో తన తాతగారి వస్తువులను ప్రదర్శించెను. తాతగారు రాజు కాడు, చిత్రకారుడు కాడు. క్షురక వృత్తిలో నుండి, స్త్రీల కేశములను ఉంగరములు తిప్పు యంత్రమును సిద్ధము చేసిన పనివాడు. ఆయన పనిముట్లు, సామానులు, ఛాయాచిత్రములు, దాచుకొన్న కాగితములు, ఇట్లు వెయ్యికి పైగా వస్తువులను ఆ గదులలో అమర్చి, “తాతగారు కూడ మనవంటి మార్గదర్శకుడే” అను భావము వచ్చు పేరు పెట్టెను. ఆ ప్రదర్శనను 2018లో అమెరికాలో మరల యథాతథముగా కూర్చి చూపిరి. ఒక పనివాని యింటి సామాను నలువదేండ్ల పిదప ఖండాంతరమున విద్యార్థులకు పాఠమైనది. వస్తువుల విలువ పెరిగినందున కాదు. వానిని శ్రద్ధతో చదివిన మనుమడొకడు ఉన్నందున.

మన ప్రాంతమునందు

మనకు నూరు కిలోమీటర్ల దూరములోనే ఈ వృత్తి సాగుచున్నది. బెంగుళూరులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తులో కళాచరిత్రను బోధించిన సురేశ్ జయరాం 2003లో శాంతినగరు ప్రాంతమున తన యింటినే కళాకేంద్రముగా మార్చెను. ఆ వీధి పేరుమీదనే దానికి వన్ శాంతి రోడ్ అని పేరు. పెద్ద కంపెనీ భవనము కాదు. దేశవిదేశముల యువకళాకారులు వచ్చి, అచ్చటనే బసచేసి, పనిచేసి, చూపి, మాటలాడుకొని పోవుదురు. ఆయన చిత్రకారుడు, చరిత్రకారుడు, క్యూరేటరు కూడ. ఒక యింటి హాలు ఒక నగరపు కళకు చావడి కాగలదని ఆ కేంద్రము చూపినది.

అన్నపూర్ణ గరిమెళ్ళ మరియొక ఉదాహరణ. కళాచరిత్ర పండితురాలైన ఈమె బెంగుళూరులో జాక్‌ఫ్రూట్ అను పరిశోధన, రూపకల్పన సంస్థను నెలకొల్పెను. 2010–11 సంవత్సరములలో గుర్‌గాఁవ్‌లోని దేవీ ఆర్ట్ ఫౌండేషనులో ఈమె రెండు భాగములుగా ఒక ప్రదర్శన కూర్చెను. పల్లెటూళ్లలోను, కులవృత్తులలోను పుట్టిన కళను మనము “జానపదము” అనియు, “చేతిపని” అనియు వేరుగా నుంచి, నగర కళాశాలలో చదివినవాని పనినే “సమకాలిక కళ” అని పిలుచుచున్నాము. ఇద్దరును ఈ కాలమున, ఈ దేశమున బ్రదుకుచు పనిచేయుచుండగా ఒకనిది నేటి కళయు, మరియొకనిది నిన్నటి కళయు ఎట్లగును? ఆ ప్రదర్శన వేసిన ప్రశ్న ఇది. క్యూరేటరు స్వయముగా చిత్రము వేయడు. కాని పాత వస్తువులనే క్రొత్త వరుసలో నిలిపి, మనము గట్టిదని నమ్మిన గోడ యొకటి మనము కట్టుకొన్నదేయని చూపగలడు.

2012 డిసెంబరులో మొదలైన కొచ్చి ముజిరిస్ ద్వైవార్షిక ప్రదర్శనను బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అను ఇద్దరు కళాకారులు కూర్చిరి. సుగంధద్రవ్యముల పాత గిడ్డంగులను వారు ప్రదర్శనశాలలుగా మార్చిరి. అందు కర్ణాటకకు చెందిన షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టోర్జ్ కలిసి చేసిన పని యొకటి మన స్త్రీలందరును చూడదగినది. బెంగుళూరులో పాత యిండ్లు కూలి, మిక్సీలు వచ్చిన పిమ్మట, వీధిప్రక్కన పారవేయబడిన రుబ్బురోళ్లను సుమారు 170 సేకరించి, కొచ్చికి తరలించి, సముద్రపు టొడ్డున నున్న గిడ్డంగి యావరణలో పరచిరి. అంత బరువైన రాయిని ఎవరును దొంగిలింపరు, ఎవరును కొనరు, పగులగొట్టి పారవేయుటకు మనసొప్పదు. ఒక్క రోలు వీధిలో నున్నచో అది అడ్డము. నూటడెబ్బది రోళ్లు ఒక్కచోట నున్నచో ఎన్ని చేతులు ఎన్ని ఉదయములు త్రిప్పినవో కన్నులకు కట్టును.

పనిలోని మెట్లు

ఇప్పుడు పాఠములోని ముఖ్యభాగము. మన గనుల నాడు ఒక కార్మికుడు గడపిన ఒక దినమును విషయముగా గొని ఒక క్యూరేటరు ఒక్క గదిలో ప్రదర్శన కూర్చవలెననుకొందము. ఆ వ్యక్తి యేమి చేయవలెను?

మొదటిది పరిశోధన. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ ఈ ప్రాంతపు బంగారమును గూర్చి విచారించుట, 1873లో మైకేల్ లవెల్ త్రవ్వుటకు అనుమతి కోరుట, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టుట, 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చుట, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగుట, 1965లో ఆ లోతులలోనే శాస్త్రజ్ఞులు న్యూట్రినో కణముల జాడ కనుగొనుట, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడుట. ఇవి పుస్తకములలో దొరకును. ఆ కార్మికుడు ఎన్నిగంటలకు లేచెను, ఏమి తిని దిగెను, సైరన్ మ్రోగినప్పుడు ఇంటిలోని స్త్రీ యేమి చేయుచుండెను అనునవి పుస్తకములలో లేవు. వానిని లైను యిండ్లలోని ముసలివారి నడిగి తెలిసికొనవలెను.

రెండవది ఎంపిక. నూరు వస్తువులు దొరికిన గదిలో ముప్పది మాత్రమే పట్టును. మిగిలిన డెబ్బదిని వదలుట కష్టమైన పని. మంచిదానిని కూడ వదలవలెను. ఏలయన అది ఈ కథకు చెందినది కాదు.

మూడవది అనుమతి. వస్తువు యజమానురాలి చేతిలో రసీదు పెట్టవలెను. అది యెన్ని దినములుండును, విరిగినచో బాధ్యత యెవరిది, పేరు వ్రాయవచ్చునా, ఛాయాచిత్రము తీయవచ్చునా అని ముందుగా వ్రాసికొనవలెను. “మన ఊరివారే గదా” అని నోటిమాటతో తెచ్చిన వస్తువులు తిరిగి చేరకపోవుటయు, ఆ యింటివారికి నమ్మకము పోవుటయు నేను చూచితిని.

నాల్గవది అమరిక. పాత చీరలు, కాగితములు, రంగుచిత్రములు తీవ్రమైన వెలుతురులో వెలసిపోవును. కావున వానికి ఏబది లక్సులకు మించని మందమైన వెలుగునే యిత్తురు. చిత్రము నడుమభాగము నేలనుండి సుమారు నూటయేబది సెంటీమీటర్ల ఎత్తున నుండునట్లు తగిలించుట వాడుక. పిల్లలు చూచునదైనచో ఇంకను దించవలెను. ద్వారమునొద్ద ఏమి కనబడును, మలుపు తిరుగగానే ఏమి కనబడును, ఎక్కడ కూర్చుండుటకు బల్ల వేయవలెను అనునది కూడ కథలో భాగమే.

ఐదవది చీటీ వ్రాత. వస్తువు ప్రక్కన నాలుగు పంక్తులలో దాని పేరు, కాలము, ఎవరిది, ఏల ఇక్కడ నున్నది చెప్పవలెను. మన గనులలో తెలుగువారు, తమిళులు, కన్నడిగులు ఒకే బోనులో దిగి ఒకే బోనులో పైకి వచ్చిరి. కావున ఇచ్చట చీటీ ఒక్క భాషలో నున్నచో అది అసత్యమగును. ఎవరి అవ్వ ఆ గదికి వచ్చినను తన అక్షరములను చూడవలెను. చదువురానివారికి చదివి వినిపించు పిల్లవాడు ఒకడు నిలువవలెను.

ఆరవది, సమకాలిక క్యూరేటరును చరిత్రకారునినుండి వేరుచేయునది, జీవించియున్న కళాకారులతో పొత్తు. ఆ గదిలో ఒక మూలను ఒక యువశిల్పి కప్పగించి, “నీవు ఈ లైనులలో ఒక నెల తిరిగి నీకు తోచినది చేయుము” అని చెప్పవచ్చును. అతడు చీకటి గది చేసి అందు పాత సైరను ధ్వనిని మాత్రము వినిపింపవచ్చును. సయనైడు గుట్టల మట్టితో గోడ పూయుదునన్నచో, ఆ మట్టి ఆరోగ్యమునకు హాని చేయునేమో విచారించి వలదని చెప్పుట కూడ క్యూరేటరు బాధ్యతయే. కళాకారునికి స్వేచ్ఛ, చూచువానికి క్షేమము, ఇచ్చినవానికి గౌరవము, ఈ మూడింటి నడుమ తక్కెడ పట్టుకొని నిలుచువాడే మంచి క్యూరేటరు.

తుదిమెట్టు తిరిగి యిచ్చుట. తెరచిన దినమున దండలు వేయువారు చాలమంది యుందురు. ముగిసిన మరునాడు ప్రతి వస్తువును తుడిచి, చుట్టి, రసీదుతో సరిచూచి, ఇంటికి చేర్చువాడు ఒక్కడే యుండును. వాని ఓర్పును బట్టి ఈ వృత్తిలో వాని పేరు నిలుచును.

ఎవరి చేత ఎంపిక?

ఎంచువాని చేతిలో నధికారమున్నది. దానిని మనము గుర్తింపవలెను. మన గనుల పాత ఛాయాచిత్రములను వెదకినచో దొరల బంగళాలు, క్లబ్బు, యంత్రశాలలు, కొలువుదీరిన అధికారులు అధికముగా కనబడుదురు. కారణము స్పష్టము: కెమెరా వారి చేతిలో నుండెను. కూలివాని యింటిలో ఒక్క పెండ్లి ఫొటో యుండిన గొప్ప. కావున దొరికినదానిని దొరికినట్లు వరుసగా తగిలించు క్యూరేటరు, తనకు తెలియకయే, కెమెరా గలవాని కథను మరల చెప్పుచున్నాడు. కనబడనివారి వస్తువులను పనిగట్టుకొని వెదకవలెను. ఈ నేలనుండి నూటయిరువది సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము వెలువడినదని చెప్పుదుము. ఆ బంగారపు లెక్క ప్రక్కనే, రాతిధూళి చేరి ఊపిరి తిత్తులు గట్టిపడిన సిలికోసిస్ రోగుల దగ్గును చెప్పని ప్రదర్శన సగము ప్రదర్శన.

ఇటీవల 2018లోను 2022లోను వచ్చిన రెండు చలనచిత్రములవలన మన ఊరి పేరు దేశమంతట మారుమ్రోగినది. అవి కల్పిత కథలు, వినోదమునకు తీసినవి. వానియందు దోషమెంచ పనిలేదు. కాని మన పిల్లలు బయటి ఊళ్లకు పోయినప్పుడు అందరును ఆ చిత్రములలోని గనినే వారి తాతల గని యని తలచుచున్నారు. సత్యమైన గదిని మనము కట్టకున్నచో కల్పితమైన గదియే సత్యముగా నిలుచును.

ఇతరులు ఎట్లు చేసిరో చూడుడు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేటను 1966లో తెల్లవారికే చెందిన ప్రాంతముగా ప్రకటించి, అచ్చటి కుటుంబములను వెళ్లగొట్టి, యిండ్లను కూల్చిరి. 1994లో అచ్చట నొక మ్యూజియము తెరువబడినది. నేలమీద ఆ పేట పటమును పరచి, “మీ యిల్లెక్కడ?” అని యడుగగా పాత నివాసులు వచ్చి తమ పేరులను దానిపై వ్రాసిరి. వస్తువులకంటె ముందు మనుష్యులు సేకరింపబడిరి. జర్మనీలోని ఎస్సెన్ నగరపు త్సోల్‌ఫెరైన్ బొగ్గుగని 1986లో మూతపడినది. ఆ కట్టడములను నిలిపి, వానిలో కళకును చరిత్రకును చోటిచ్చిరి. 2001లో అది ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. మన గనులు మూతపడినది కూడ ఆ సంవత్సరమే. రెండు ఊళ్లకు ఒకే సంవత్సరమున రెండు విధములైన వార్తలు వచ్చినవి. ఈ భేదమునకు ధనము ఒక కారణము. అది యొక్కటే కారణము కాదు.

జీవనోపాధి మాట

ఇక తల్లిదండ్రులు మనసులో నడుగు ప్రశ్న: దీనివలన అన్నము దొరకునా? దాచక చెప్పెదను. స్వతంత్ర క్యూరేటరుకు నెలజీతము లేదు. ఒక్కొక్క ప్రదర్శనకు ఇంతయని పారితోషికము వచ్చును. ఒక సంవత్సరము మూడు పనులు రావచ్చును, మరియొక సంవత్సరము ఒక్కటియు రాకపోవచ్చును. అందువలన ఈ వృత్తిలో చాలమంది కళాశాలలలో బోధించుచు, పత్రికలకు వ్రాయుచు, పుస్తకములకు సంపాదకత్వము వహించుచు జీవింతురు. కొందరు మ్యూజియములలో ఉద్యోగులుగా నుందురు. 2009లో జాతీయ ఆధునిక కళాశాల శాఖ బెంగుళూరులో తెరువబడినది; 2023లో కళ, ఛాయాచిత్రముల మ్యూజియము తెరువబడినది. ఇట్టి సంస్థలు పెరిగినకొలది పని కూడ పెరుగుచున్నది. 1993లో బెంగుళూరున స్థాపితమైన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వంటి సంస్థలు పరిశోధనలకు ధనసహాయము చేయుచున్నవి. కొచ్చి ప్రదర్శనకు అనుబంధముగా 2014లో మొదలైన విద్యార్థుల ప్రదర్శనలో యువ క్యూరేటర్లు కళాశాలలకు పోయి విద్యార్థుల పనిని ఎంచి కూర్చుచున్నారు.

చదువు విషయమున, చిత్రకళా పరిషత్తు వంటి చోట దృశ్యకళలలో పట్టము, తరువాత బరోడాలోనో హైదరాబాదులోనో కళాచరిత్రలో పై చదువు ఒక మార్గము. చరిత్ర, సాహిత్యము, వాస్తుశాస్త్రము చదివి వచ్చినవారును కలరు. అన్నింటికంటె ముఖ్యము భాష. నాలుగు పంక్తుల చీటీని తప్పులేకుండ, బరువు లేకుండ, నిజము తప్పకుండ వ్రాయగలవాడు తక్కువ. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కార్యాలయములో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు వాడు మన పిల్లలకు ఈ విషయమున పట్టణపు పిల్లలకు లేని సంపద యొకటి కలదు. దానిని మనము భారమని తలచుచుందుము. నలుగురు ముసలివారితో నాలుగు భాషలలో మాటలాడగలవాడే ఇట్టి ఊరికి తగిన క్యూరేటరు.

కావున బొమ్మలు వేయు పిల్లను, వస్తువులు పోగుచేయు పిల్లవానిని “ఇది కూడు పెట్టునా” అని ఒక్కమాటతో కోయవలదని నా మనవి. దారి కష్టమైనదని చెప్పుడు. దారి లేదని చెప్పవలదు.

ఒక దీపము

చివరకు నా తప్పొకటి చెప్పి ముగింతును. గనులు మూతపడిన తరువాత మేము ఇల్లు మారితిమి. మా తాతగారి నాటి ఇత్తడి దీపము, మా తండ్రిగారు గనికి కొనిపోయిన టిఫిన్ క్యారియరు, వారి పేరుగల కాగితముల కట్ట అటుకమీద నుండెను. క్రొత్త యింటిలో చోటు తక్కువ. దీపమును, క్యారియరును పాతసామానువానికి తూకము వేసితిని. కాగితములను భోగిమంటలో వేసితిని. మా తండ్రిగారు చూచుచుండిరి, ఏమియు అనలేదు. తూకపురాయికి సరిపడు డబ్బు చేతిలో పడినది. ఆ దీపము ఎవరిది, ఏ షిఫ్టులో వెలిగినది, దానికి సొట్ట యెట్లు పడినది అని నాడు వారి నడిగియుండిన జవాబు దొరికియుండెడిది. నేడు అడుగుటకు వారు లేరు.

సొమ్ము నష్టము కాదు నేను చింతించునది. దీపము లోహముగా ఎక్కడనో కరగి మరియొకటి యైనది. దానితో పోయిన వాక్యము మాత్రము తిరిగి రాదు.

మీ యిండ్లలో ఇట్టివి యింకను కలవు. మ్యూజియము ఎప్పుడు వచ్చునో, ప్రభుత్వము ఎప్పుడు తలచునో అని వేచియుండ పనిలేదు. వచ్చు భోగికి అటుక దించునప్పుడు ఒక వస్తువును ప్రక్కన నుంచి, పెద్దవారి నడిగి, ఇది యేమి, ఎవరిది, ఏ కాలమునాటిది, దీనితో ఏమి చేసెడివారు అని నాలుగు పంక్తులు మీ పిల్లవాని చేత వ్రాయింపుడు. వస్తువును మీ యింటనే యుంచుకొనుడు. ఆ కాగితమును మాత్రము పాఠశాలకు పంపుడు. ముప్పది కాగితములు చేరినచో ఒక గదికి చాలును. ఆ ప్రశ్న వేసిన బాలిక ఇప్పుడు పదవ తరగతికి వచ్చినది. మొదటి చీటీలను సరిచూచు పనిని ఆమెకే అప్పగింప దలచితిని.